పోయినావిడ పాట

లిఫ్టు మెకానిక్ ఆదివారం మధ్యాహ్నం ఫోను ఎత్తడు. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుపోయారన్నా సరే, "లోపల గాలి ఉంటుంది, కూర్చోమనండి" అని సాయంత్రం తీరిగ్గా చెప్తాడు. పెళ్ళి కాలేదు. అన్నగారింట్లో పై గదిలో ఉంటాడు. తాగడు, పేకాడడు. ఉన్న పిచ్చి ఒక్కటే, ఆదివారం పూట పళ్ళ డాక్టరు క్లినిక్‌లో కూర్చుని పాటలు వినడం.

మిగతా రోజుల్లో మూలుగులు వినిపించే ఆ క్లినిక్‌లో ఆదివారం రోగులు ఉండరు. వాళ్ళు కూర్చునే గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి, బల్ల మీది ప్లాస్టరు పళ్ళ వరసలు పక్కకు జరిపి, రెండు పెద్ద స్పీకర్లు పెట్టేవాడు డాక్టరు. పదిమంది దాకా వచ్చేవారు. వాళ్ళలో ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు, ఒకమ్మాయి పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. మిగిలినవాళ్ళదీ అదే తరహా. ఒక్కొక్కరూ వంతులవారీగా ఒక ఆల్బమ్ తేవాలి. అది ఎవరికీ తెలియనిదై ఉండాలి. సినిమా పాట తెస్తే ఇక వాడి మొహం చూడరు. ఎవరో నలుగురు ఏ షెడ్డులోనో, వంటింట్లోనో సొంతంగా పాడుకుని, కాసిని కాపీలు తీసి, అవి కూడా అమ్ముడుపోక అటకెక్కించినవి వాళ్ళకు కావాలి. అలాంటిది దొరికితే వారమంతా దాని గురించే ముచ్చట. ఇతర ఊళ్ళలో ఉన్న ఇలాంటి పిచ్చివాళ్ళకు కూడా "ఇది వినండి" అని పంపుకునేవారు. తీరా ఆ ఆల్బమ్ నలుగురికీ తెలిస్తే మాత్రం డాక్టరు దాన్ని అల్మారాలోంచి తీసేసేవాడు. "ఊరందరి నోట్లో నానింది మనకెందుకోయ్" అనేవాడు.

ఆ గదిలో డాక్టరు మాటే వేదం. ఆయన దేన్నీ బాగాలేదని అనేవాడు కాదు. పాట మధ్యలో లేచి కిటికీ దగ్గరకు వెళ్తే చాలు, ఆ ఆల్బమ్ పని అయిపోయినట్టే. మెకానిక్ తెచ్చినవాటికి ఆయన చాలాసార్లు కిటికీ దగ్గరకు వెళ్ళాడు. ఒక్కసారే వెళ్ళలేదు.

అది పాత సామాన్ల దుకాణంలో దొరికిన క్యాసెట్. అట్ట ముక్క మీద చేత్తో రాసిన పేరు: "తడి గోడలు". దాని కింద, "పాడినవారు: అక్కా తమ్ముడూ". అంతే, ఇంకే వివరమూ లేదు. తమ్ముడు ఏదో డబ్బా మీద వాయిస్తుంటే అక్క పాడుతుంది.

*తడిగోడకు చెవి ఆనిస్తే*
*పక్కింటి వాన వినిపిస్తుంది*

అన్నచోట ఆ గొంతు పైకి వెళ్ళి, అక్కడే కాసేపు ఆగి, దిగడం ఇష్టంలేనట్టు దిగుతుంది. ఆ రోజు క్లినిక్‌లో ఎవరూ కదల్లేదు. డాక్టరు మళ్ళీ మొదట్నించీ పెట్టమన్నాడు. తర్వాత తనే వెళ్ళి దుకాణంవాణ్ణి అడిగాడు. వాడు తల గోక్కుని, "ఆ ఇద్దరిలో ఎవరో చిన్న వయసులోనే పోయారని విన్నాను" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని డాక్టరు పెద్ద వ్యాసం రాశాడు. పోయింది అక్క. ఊపిరితిత్తుల జబ్బుతో, పాతికేళ్ళు నిండకుండానే. ఆఖరి పాట దగ్గుకీ దగ్గుకీ మధ్య పాడింది. తన చావు తనకు తెలిసిన గొంతు అది. ఇలా సాగింది. వ్యాసం ఇంటర్నెట్‌లో పెట్టగానే ఎక్కడెక్కడి వాళ్ళో చదివి ఏడ్చారు. "తడి గోడలు" ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. చిత్రంగా, ఈ ఆల్బమ్‌ని మాత్రం డాక్టరు అల్మారాలోంచి తియ్యలేదు. వ్యాసంలో మెకానిక్ ఊసు ఒక్కచోట ఉంది, "ఒక మిత్రుడి ద్వారా నాకు చేరింది" అని.

ఇది జరిగిన కొన్నేళ్ళకు, ఒక హోటల్లో లిఫ్టు మొరాయిస్తే మెకానిక్ అడుగున ఉన్న గుంతలోకి దిగాడు. పక్కనే లాండ్రీ. గోడ అవతల ఎవరో ఆడమనిషి కూనిరాగం తీస్తోంది. అది తడిగోడ పాట. స్పానరు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. అభిమానులెవరైనా పాడుకోవచ్చు, అందులో వింతేమీ లేదు. కానీ ఆమె మొదటి చరణం అయ్యాక ఆగలేదు. క్యాసెట్‌లో లేని రెండో చరణం ఎత్తుకుంది.

నూనె చేతులతోనే వెళ్ళాడు. ఆవిరి మధ్య ఒక లావుపాటి మనిషి, యాభై దాటి ఉంటుంది, దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. మెడ కింద అడ్డంగా పాత కోత గుర్తు ఉంది.

"అక్కా, ఆ పాట ఎక్కడ విన్నారు?"

"వినడమేంటి తమ్ముడూ, నాదే."

"రెండో చరణం క్యాసెట్‌లో లేదుగా."

"టేపు చాల్లేదు" అంది ఆమె. ఆ తర్వాత ఇస్త్రీపెట్టె నిలబెట్టి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "క్యాసెట్ నీకెక్కడిది? మావాడు ఇంటింటికీ తిరిగి అమ్మాడు. కొన్నవాళ్ళు మొహమాటానికి కొన్నారు, వినడానిక్కాదు."

మావాడంటే తమ్ముడు. పాటలన్నీ కట్టింది అతనే. క్యాసెట్ వేసిన ఏడాదే జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాత ఆమె బయట ఎక్కడా పాడలేదు. పెళ్ళయింది, కూతురు పుట్టింది, మొగుడు తన దారి చూసుకున్నాడు. తర్వాత గొంతులో గడ్డ లేస్తే కోసి తీశారు. "పైస్థాయిని డాక్టర్లు పట్టుకుపోయారు. కిందిది నాకొదిలేశారు. దాంతోనే కాలక్షేపం" అని నవ్వింది. మెకానిక్ నవ్వలేకపోయాడు. తర్వాతి ఆదివారం రమ్మని బతిమాలాడు. పాటలు వినేవాళ్ళున్నారు, మీ పాటంటే ప్రాణం పెడతారు అన్నాడు. ప్రాణం పెట్టేవాళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చారని అడిగింది గానీ, వచ్చింది.

కూతుర్ని వెంటబెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినదానిలా కుర్చీ అంచున కూర్చుంది. కూతురు ఒక మందుల షాపులో పనిచేస్తుంది. తల్లి పాడిందన్న సంగతే ఆ పిల్లకు అంతకుముందు వారం దాకా తెలియదు.

"ఈవిడ ఎవరనుకుంటున్నారు?" అన్నాడు మెకానిక్. అతని మొహం వెలిగిపోతోంది. "తడి గోడలు అక్క."

"ఆవిడ పోయారుగా?" అన్నాడు బ్యాంకాయన.

"నేనా? ఎప్పుడు?" అంది ఆమె. "నాతో ఎవరూ అనలేదే."

గది గొల్లుమంది. డాక్టరు కూడా నవ్వాడు, అందరికంటే ఆలస్యంగా. పెద్ద స్పీకర్లలో తన పాట మొదలవగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డబ్బా మోత వచ్చినప్పుడల్లా కూతురి మోకాలు తడుతూ, "మీ మావయ్య, మీ మావయ్య" అంది. బొమ్మలమ్మాయి ఉండబట్టలేక తన ఫోనులో వ్యాసం తీసి చూపించింది. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. చదువుతున్నకొద్దీ మొహంలో నవ్వు పోయింది.

"డాక్టరుగారూ, ఇది మావాడి సంగతి. దగ్గు కాదు, జ్వరం. ఏదైతేనేం, పోయింది వాడు. వాడి చావు తీసి నాకిచ్చారు మీరు. పాటలు కట్టింది వాడని ఎక్కడా లేదే ఇందులో."

"వివరాలు దొరకలేదమ్మా" అన్నాడు డాక్టరు మెత్తగా. "సరిచేద్దాం."

"చెయ్యండి బాబూ. పుణ్యముంటుంది."

అప్పటికే వేరే ఊరి అభిమానులతో కలిసి డాక్టరు "తడి గోడలు"ని పెద్ద నల్ల రికార్డుగా వేయిస్తున్నాడు. అట్టలు అచ్చయిపోయాయి. వెనకవైపు నిండా ఆ వ్యాసమే. ఆవిష్కరణ సభకు బయటి ఊళ్ళ నుంచి కూడా జనం వస్తున్నారు. ఆ సభలో మీరే పాడాలి అని డాక్టరు ఆమెను ఆహ్వానించాడు. ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. లాండ్రీలో అందరికీ చెప్పుకుంది, సూపర్‌వైజరును కూడా పిలిచింది. రోజూ దుప్పట్ల మధ్య సాధన చేసింది. పాత పాట పై స్థాయిలో పాడటం ఇక కుదరదు గనక, కింది గొంతుకు తగ్గట్టు కొత్తగా ఒకటి కట్టుకుంది.

సభకు ముందు డాక్టరు మెకానిక్‌ని లోపలి గదిలోకి పిలిచాడు. వేరే కుర్చీ లేకపోవడంతో రోగులు పడుకునే కుర్చీలోనే కూర్చోమన్నాడు.

"నువ్వు మంచిపనే చేశావోయ్. కానీ ఒక్కమాట. ఆవిడే అని నీకు నమ్మకమా?"

"రెండో చరణం పాడిందండీ."

"చరణం ఎవరైనా రాసుకుంటారు. ఆ గొంతేంటి, ఈ గొంతేంటి?"

"ఆపరేషన్ అయిందటండీ."

"అవును, ఆవిడ అలాగే చెప్తోంది." డాక్టరు కాసేపు చేతులు తుడుచుకున్నాడు. "అట్ట మీద ఒక చీటీ అంటిద్దామనుకుంటున్నా. 'ఈ ఆల్బమ్‌ను వెలికితీసినవారు' అని నీ పేరు. ఇన్నాళ్ళూ వెయ్యకపోవడం నా పొరపాటే."

మెకానిక్ ఊ అనలేదు, ఉహూ అనలేదు. నోరు తెరిచీ మాట్లాడలేనివాళ్ళతోనే డాక్టరు జీవితమంతా గడిచింది. అలాంటివాళ్ళ జవాబు ఏమిటో ఆయనకు తెలుసు.

కుట్టుపని నేర్పే బడి హాల్లో సభ పెట్టారు. మిషన్లన్నీ గోడవారగా తోసి, గుడ్డలు కప్పారు. హాలు నిండిపోయింది. ఆమె ముందువరసలో కూతురి పక్కన కూర్చుంది. మెకానిక్ నాలుగో వరసలో, చేతిలో టీ కప్పుతో కూర్చున్నాడు.

డాక్టరు ఆమెను వేదిక మీదికి పిలిచి, ఎవరో చెప్పకుండా మైకు ముందు నిలబెట్టాడు. "ముందు ఒకటి విందాం" అని తడిగోడ పాట పెట్టాడు. పాతికేళ్ళు నిండని గొంతు హాలంతా కమ్ముకుంది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. పాట అయిపోయాక ఆయన ఆమె వైపు తిరిగి, "ఇప్పుడు ఇదే పాట మీరు పాడండమ్మా" అన్నాడు.

"ఇది కాదుగా డాక్టరుగారూ. కొత్తది పాడతానన్నాను."

"ఇదే వినాలని ఉంది అందరికీ."

ఆమె కూతురి వైపు చూసింది. గొంతు సవరించుకుని ఎత్తుకుంది. "పక్కింటి వాన" దగ్గర గొంతు పైకి వెళ్ళబోయి చీలిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే తెగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్ళకు అంటుకుంది.

"నేనేమీ అనను" అన్నాడు డాక్టరు. "ఈ గొంతు తనదేనని ఈవిడ అంటున్నారు. మన చెవులు మనకున్నాయి. రెండూ ఒకే గొంతు అనుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

కూతురి చెయ్యి లేచింది. ఇంకెవరూ ఎత్తలేదు. లాండ్రీ సూపర్‌వైజరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. బొమ్మలమ్మాయి చెయ్యి సగం దాకా లేచి, జుట్టు సవరించుకుని కిందికి దిగింది.

"కూతురి ఓటు చెల్లదమ్మా" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. "లిఫ్టు అంకుల్, మీరేగా అమ్మని తీసుకొచ్చింది. మీరు చెప్పండి."

"చెప్పవోయ్" అన్నాడు డాక్టరు.

మెకానిక్ లేచాడు. చేతిలో కప్పు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "నేను... పొరపాటు పడ్డానేమోనండీ" అన్నాడు.

ఆమె అతని వైపు చూసింది. కోపంగా కాదు. దారి అడిగితే తప్పు దారి చెప్పినవాణ్ణి చూసినట్టు చూసింది. కూతురు మాత్రం ఊరుకోలేదు. అబద్ధం, మీరంతా దొంగలు అని అరిచింది. పక్క వరసలో ఒకాయన, "పోయినవాళ్ళ పేరు చెప్పుకుని బతకడానికి సిగ్గుండాలి" అన్నాడు. ఇంకొకడు ఆ పిల్లను భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. ఆమె అది చూసి మైకు దగ్గరకు వంగింది.

"కాదండీ. నేను కాదు. పిల్లని వదిలెయ్యండి."

హాలంతా చప్పట్లు. ఎవరినీ ఎగతాళి చెయ్యడానికి కాదు. నిజం ఒప్పుకున్నందుకు, మనస్ఫూర్తిగా. డాక్టరు కూడా చప్పట్లు కొట్టాడు, చివరికి ఆమె భుజం తట్టి కిందికి దించాడు.

రికార్డు బయటికొచ్చింది. చీటీ మీద మెకానిక్ పేరు పెద్ద అక్షరాల్లోనే ఉంది. అన్నకూ వదినకూ చూపించాడు. ఆ అట్టను తన గదిలో తలుపు ఎదురుగా గోడకు తగిలించాడు. పొద్దున లేవగానే దాన్ని చూస్తే నిజంగానే సంతోషంగా ఉండేది. ఆ సంతోషాన్ని చూసి అతనే ఆశ్చర్యపోయాడు.

లాండ్రీలో ఆమెకు కొత్త పేరు పెట్టారు. "స్వర్గీయా, ఆ తువ్వాళ్ళు ఇలా పడెయ్" అనేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వేది. కూతురు మాత్రం నవ్వలేకపోయింది. "వాళ్ళు అబద్ధమన్నారు, సరే. అంతమంది ముందు కాదని నువ్వెందుకన్నావు? నన్ను అబద్ధాలకోరుని చేశావు" అని గొడవపడి, బట్టలు సర్దుకుని హాస్టల్‌కి వెళ్ళిపోయింది. నీకోసమే అన్నానని తల్లి చెప్పింది. నేను అడిగానా అంది పిల్ల.

కొన్నాళ్ళకు హోటల్ లిఫ్టు మళ్ళీ ఆగింది. పని అయ్యాక మెకానిక్ లాండ్రీ గుమ్మంలో నిలబడ్డాడు. మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళారు. ఆమె ఒక్కతే ఉంది.

"అక్కా, నన్ను తిట్టు."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. ఎందుకు తిట్టాలి?" ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఆ రోజుకని నేను కట్టుకున్న పాట వినలేదుగా నువ్వు. పిల్ల హాస్టల్‌కి వెళ్ళాక ఇంకో చరణం చేరిందిలే. వింటావా?"

అతను నమ్మలేనట్టు చూశాడు. ఆమె చెయ్యి చాపి అతని ఫోను తీసుకుని, నీళ్ళు మరుగుతున్న పెద్ద బాయిలరు వెనక, చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించనిచోట పెట్టి వచ్చింది. బల్ల మీద చేత్తో తాళం వేస్తూ పాడింది.

*మడత పెట్టిన దుప్పటిలో*
*ఎవరి నిద్రో మిగిలిపోయె*

కింది గొంతే. గరుకుగా ఉంది. కానీ ఎక్కడా పైకి వెళ్ళాలని చూడలేదు. బావిలోకి మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్క మాటా దిగుతూ పోయింది. తమ్ముడు ఉన్నాడు అందులో, పేరు లేకుండా. హాస్టల్‌కి వెళ్ళిన పిల్ల ఉంది. ఆఖరున వరస తిరిగిన తిరుగుడు అతను ఇన్నేళ్ళలో, ఇన్ని వందల ఆల్బమ్‌లలో ఎక్కడా వినలేదు. "తడి గోడలు" దీని ముందు చిన్నపిల్లల పాట. మెకానిక్ తడి తువ్వాళ్ళ బుట్టను ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"అక్కా, ఒక్కసారి రికార్డు చేసుకోనియ్. నీ కాళ్ళు పట్టుకుంటా. డాక్టరుకి కాదు, నేనే అందరికీ వినిపిస్తా."

"ఎందుకు? విన్నావుగా. వెళ్ళి చెప్పు."

"మాటలతో చెప్తే ఎవరు నమ్ముతారు?"

"నమ్మరు కదూ" అంది ఆమె. అతని ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "ఎవరు పాడారంటే ఏం చెప్తావు తమ్ముడూ? పోయినావిడా? లేకపోతే ఆ అబద్ధాలావిడా?"

ఆదివారం అతని వంతు వచ్చింది. ఒట్టిచేతులతో వెళ్ళాడు. "ఈసారి వినిపించడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ ఒక పాట విన్నాను. ఇన్నేళ్ళుగా మనం విన్నవన్నీ దానిముందు దిగదుడుపే" అన్నాడు. అందరూ ముందుకు వంగారు. అలాంటి మాట ఆ గదిలో ఎవరూ తేలిగ్గా అనరు.

"ఆల్బమ్ పేరేంటి?" అన్నాడు బ్యాంకాయన.

"లేదు."

"పాడిందెవరు?"

మెకానిక్ నోరు తెరిచి, మూసుకున్నాడు. డాక్టరు అతని మొహంలోకి చూశాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైందని మెకానిక్‌కీ తెలిసింది.

"వరసైనా అనండి" అంది బొమ్మలమ్మాయి ఆశగా.

అతను కళ్ళు మూసుకుని అందుకున్నాడు. మొదటి లైను సరిగ్గానే వచ్చింది. రెండో లైనుకు వరస కాలి కింది మట్టిలా జారింది. వెతుక్కుంటూ పాడుతుంటే అది ఇంకెటో పోయి, ఆ యేడు ప్రతి ఆటోలోనూ మోగుతున్న ఒక సినిమా పాటలోకి వెళ్ళి కలిసింది. బ్యాంకాయన గుర్తుపట్టి తొడ చరుచుకున్నాడు. తర్వాత అందరూ గుర్తుపట్టారు. నవ్వి నవ్వి ఒకాయనకు దగ్గొచ్చింది. డాక్టరు నవ్వలేదు. లేచి, కిటికీ తలుపు తీసి, వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పని ఎగ్గొట్టి హోటల్‌కి పరుగెత్తాడు మెకానిక్. లాండ్రీ నిండా మనుషులున్నారు. ఆమె దుప్పటి అంచులు కలుపుతోంది.

"అక్కా, ఇంకొక్కసారి. జారిపోతోంది. రెండో లైను ఒక్కటి చాలు."

"ఏ పాట?" అంది ఆమె, దుప్పటి మీంచి చూపు తిప్పకుండానే.

"ఎవరే స్వర్గీయా, చుట్టమా?" అని అవతలి బల్ల దగ్గర్నుంచి ఎవరో అడిగారు.

"కాదు. లిఫ్టాయన. ఏదో పోగొట్టుకున్నాట్ట" అంది. ఇస్త్రీపెట్టె అందుకుంటూ అతన్ని మోచేత్తో పక్కకు జరిపింది. "తప్పుకో తమ్ముడూ, కాలుతుంది."